ప్రార్థన నోటికి వస్తున్నది, మనసు కదలడం లేదు: కాపరి ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి?

సగిలేటి_కాపరి
బద్వేలు వైపు ఒక పల్లెలో, ఏ పెద్ద సంఘం కిందా లేని స్వతంత్ర సంఘానికి కాపరిగా ఉన్నాను. ఇక్కడ కాపరులూ సంఘ పెద్దలూ విశ్వాసులూ అందరూ ఉన్నారు గనుక, మా చుట్టుపక్కల ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఇక్కడ అడుగుతున్నాను. కొంతకాలంగా మోకరించినప్పుడు మాటలు వస్తున్నాయి గానీ, వినేవాడు వింటున్నాడన్న నిబ్బరం రావడం లేదు. దేవుడు లేడని నేను అనడం లేదు. నా వైపు చూడటం మానేశాడేమో అనిపిస్తున్నది. ఆదివారం వాక్యం చెబుతున్నాను, రోగుల తల మీద చేతులుంచి ప్రార్థిస్తున్నాను, రొట్టె, ద్రాక్షారసం పంచే బల్లారాధన జరిపిస్తున్నాను. ఇంటికి వచ్చి కూర్చున్నాక, ఆ మాటలన్నీ నేను కాక వేరెవరో చెప్పినట్టు ఉంటున్నది.

దీనికి సంఘంలోని తగాదా తోడైంది. రేకుల మందిరం తీసేసి స్లాబు వేద్దామని అందరూ ఒక్క మాట మీద నిలబడి పని మొదలుపెట్టాము. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మా సంఘ స్త్రీలు తమ జీతాల్లో మిగిల్చి పంపినదే అందులో ఎక్కువ భాగం. పిల్లర్లు లేచిన తరువాత కమ్మీల లెక్క దగ్గరా సిమెంటు లెక్క దగ్గరా ఇద్దరు పెద్దల మధ్య మాటకు మాట పెరిగింది. ఒక పెద్ద తన వారిని వెంటబెట్టుకొని వెళ్లి, ఊరి అవతల ఒక మేడ మీద షామియానా వేసి వేరే కూడిక పెట్టుకున్నారు. నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు. అందుకు ఇరువైపుల వారూ నా మీద కినుకగానే ఉన్నారు.

మొన్న కువైట్ నుంచి ఒక అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది. "అయ్యగారూ, నేను పంపిన డబ్బుతో లేచిన పిల్లరు ఏదో ఒకసారి ఫోటో తీసి పంపండి, ఇక్కడ ప్రార్థనకు కూడుకునే వాళ్లకు చూపిస్తాను" అని అడిగింది. ఫోన్ పట్టుకొని వెళ్లాను. పిల్లర్ల పైన బయటికి వదిలిన కమ్మీలు తుప్పు పట్టి, సిమెంటు మీదికి ఎర్రగా చారలు దిగి ఉన్నాయి. ఆ ఫోటో పంపడానికి నాకు చేయి రాలేదు.

నేను అడిగేది ఒక్కటే. నా లోపలి ఈ స్థితిని సంఘానికి చెప్పాలా? చెబితే బలహీనుల విశ్వాసం దెబ్బ తింటుందా? చెప్పకుండా ప్రతి ఆదివారం పుల్పిట్ ఎక్కడం వారిని మోసగించడం అవుతుందా?

గుత్తి_వాసి
మీ బాధను గౌరవిస్తూనే చెబుతున్నాను. బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు పత్రిక మూడో అధ్యాయం హెచ్చరిస్తున్నది. మీకే నిబ్బరం లేనప్పుడు కొంతకాలం పుల్పిట్‌కు దూరంగా ఉండి, వాక్యం చెప్పడానికి మరొకరిని పిలిపించుకోవడం సంఘానికీ మీకూ మేలని నా అభిప్రాయం.

పాత_హార్మోనియం
గుత్తి_వాసి గారితో నేను ఏకీభవించను. నిబ్బరం ఉన్న రోజే నోరు తెరవాలన్న నియమం ఉంటే కీర్తనల గ్రంథంలో సుమారు మూడో వంతు మనకు మిగిలేది కాదు. ఎనభై ఎనిమిదో కీర్తన తీసి చూడండి. విలాప కీర్తనల్లో చాలా వాటిలో చివరికి వచ్చేసరికి ఏదో ఒక ఆశ, ఒక స్తుతి కనిపిస్తుంది. ఇందులో అదీ లేదు, చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా దానిని ఎవరూ గ్రంథం నుంచి తీసివేయలేదు, ఆలయంలో పాడుకున్నారు.

కాపరి గారిని ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. రాత్రి నిద్ర పడుతున్నదా? వేళకు భోజనం చేస్తున్నారా? రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ఏలీయా చావు కోరుకొని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ఆయనకు ముందుగా పంపినది ఉపదేశం కాదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి తినిపించారు. హోరేబు కొండ దగ్గర మాటలు ఆ తరువాతి సంగతి.

పాస్టరమ్మ_ప్రొద్దుటూరు
హార్మోనియం గారు అడిగిన ప్రశ్ననే నేనూ అడగబోయాను. దానితో పాటు ఇంకొకటి: ఈ సంగతి మీ ఇంట్లో అమ్మగారికి, అంటే మీ భార్యకు, చెప్పారా?

మేము సేవలోకి వచ్చిన నాటి నుంచి నేను చూస్తున్నదేమంటే, ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా కాపరి వెళతాడు, ఎవరింట్లో చావు జరిగినా సమాధి తోట వరకు నడుస్తాడు, మొగుడూ పెళ్లాల తగవులు అర్ధరాత్రి మా గడప దగ్గరికే వస్తాయి. కాపరి ఇంట్లో జబ్బు చేస్తే మాత్రం, "అయ్యగారికేం, ప్రార్థనాపరుడు" అని ఎవరూ తొంగిచూడరు. వారు చెడ్డవారై కాదు. కాపరికి కూడా ఒకరు కావాలన్న ఆలోచనే వారికి రాదు, మనమూ రానివ్వము. మా వారు ఇలాగే కొన్ని నెలలు మౌనంగా ఉన్నారు. నా మీద కోపమేమోనని నేను లోలోపల నలిగిపోయాను. ఒక ఆదివారం సాయంత్రం, స్త్రీలు వంటకు ముందు పిడికెడు చొప్పున తీసిపెట్టి కానుకగా సంచుల్లో తెచ్చిన పిడికిలి బియ్యాన్ని నేను చేటలో పోసి రాళ్లు ఏరుతుంటే వచ్చి పక్కన కూర్చొని, "నాకు ప్రార్థన రావడం లేదు" అన్నారు. సన్నబియ్యమూ రేషన్ బియ్యమూ కలిసిపోయిన ఆ చేట ముందు ఇద్దరం చాలాసేపు కూర్చున్నాము. ఆ రాత్రి నుంచి ఆయన బదులు నేను పైకి ప్రార్థించేదాన్ని, ఆయన ఆమేన్ అనేవారు. అంతకుమించి చాలా కాలం ఏమీ మారలేదు. కానీ ఇంట్లో భయం పోయింది.

కాబట్టి సంఘానికి చెప్పాలా వద్దా అన్నది తరువాత చూసుకోవచ్చు. ముందు ఇంట్లో చెప్పండి.

లెక్కల_పెద్ద_కర్నూలు
నేను ఒక సంఘానికి చాలా ఏళ్లుగా కోశాధికారిని. భక్తి విషయం నాకంటే తెలిసినవారు చెబుతారు. లెక్కల విషయంలో మాత్రం కాపరి గారి మాటకు అడ్డు చెప్పక తప్పదు. ఎవరి పక్షమూ మాట్లాడకపోవడం న్యాయం కాదండీ. పక్షం వహించనక్కర లేదు గానీ, పుస్తకం తెరవమని అడగడం కాపరి పని. ఆ అక్క డబ్బు ఎక్కడికి పోయిందో చెప్పవలసిన బాధ్యత సంఘానిది.

మీ సంఘం సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం జరపాలి, లెక్కలు దాని ముందు పెట్టాలి. బ్యాంకు ఖాతా ఒక్కరి సంతకంతో నడుస్తుంటే వెంటనే ఇద్దరి సంతకానికి మార్చండి. కువైట్ డబ్బు గురించి కొందరు విదేశీ విరాళమని భయపెడుతుంటారు. భారత పౌరురాలు తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. అయినా పంపిన వారి పాస్‌పోర్టు నకలు ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది.

బెంగళూరు_రైలు
మాది అనంతపురం, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. గుత్తి_వాసి గారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను మందిరానికి వెళ్లడం మానేసి చాలా కాలమైంది. సందేహాలు రావడం వల్ల మానలేదు. అక్కడ ఎవరికీ ఎన్నడూ సందేహం రానట్టు మాట్లాడేవారు, ఆ మధ్యలో నేనొక్కడినే దోషిలా కూర్చోవలసి వచ్చేది. మా నాన్న పోయినప్పుడు మా అయ్యగారు "దేవుని చిత్తం" అని ఒక్క మాట అని ప్రసంగంలోకి వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన, "నాకూ అర్థం కావడం లేదు బాబూ" అని ఉంటే నేను ఇప్పటికీ ఆ చాప మీద కూర్చొని ఉండేవాడినేమో. ఈ కాపరి గారు పుల్పిట్ దిగిపోవాలనడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

గుత్తి_వాసి
తమ్ముడూ, మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. నేను ఆయనను సేవ మానుకోమనలేదు, విశ్రాంతి తీసుకోమన్నాను. రెండింటికీ తేడా ఉంది. ఇది గమనించగలరు.

మరియాపురం_టీచర్
నేను కడపలో కథోలిక సంఘానికి చెందినదాన్ని. మదర్ తెరెసా 1997లో కన్నుమూశారు. ఆమె తన ఆత్మీయ గురువులకు రాసిన ఉత్తరాలు 2007లో పుస్తకంగా వెలువడినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది. దశాబ్దాల పాటు ప్రార్థనలో ఆమెకు దేవుని సన్నిధి తెలియలేదనీ, లోపలంతా చీకటిగా ఉన్నదనీ ఆమె స్వయంగా రాసుకున్నారు. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించడానికి ఆ ఉత్తరాలు అడ్డు కాలేదు.

ఇందులో నేను గమనించినది మరొకటి ఉంది. ఆమె ఆ మాట వీధిలో చాటలేదు, అలాగని గుండెలో పూడ్చిపెట్టుకోనూ లేదు. వినడానికి నియమితులైన ఒకరిద్దరికి చెప్పుకున్నారు. మా గురువులకు పాపసంకీర్తనం, అంటే పాపపు ఒప్పుకోలు, వినే మరొక గురువు ఉంటారు. మీ స్వతంత్ర సంఘాల్లో కాపరికి అటువంటి ఏర్పాటు ఏమైనా ఉన్నదా?

సగిలేటి_కాపరి
టీచర్ గారూ, లేదు. మండలంలో కాపరుల ఫెలోషిప్ ఒకటి ఉంది, నెలకొకసారి కూడుకుంటాము. అక్కడ ఎవరి సంఘంలో ఎన్ని బాప్తిస్మాలు జరిగాయి, ఎవరు సౌండ్ సిస్టమ్ కొన్నారు, డిసెంబరులో సెమీ క్రిస్మస్ ఎవరిది ఏ తేదీన అన్న మాటలే నడుస్తాయి. అక్కడ ఈ సంగతి ఎత్తితే వారం తిరగకముందే మేడ మీద కూడిక వరకు చేరుతుంది.

హార్మోనియం గారూ, నిద్ర సరిగా లేదు. ఆదివారం పోగా మిగతా దినాల్లో కూలి పనికి కూడా పోతున్నాను. గత ప్రభుత్వం పాస్టర్లకు నెలకు ఇచ్చిన 5,000 రూపాయల గౌరవ వేతనం మా ఇంట్లో పిల్లల ఫీజులకు ఆధారంగా ఉండేది. ఇప్పుడు కానుకల పెట్టెలోనూ సగం తగ్గింది. పాస్టరమ్మ గారూ, ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెబుతాను.

కొండారెడ్డి_బురుజు
స్వతంత్ర సంఘాలన్నిటికీ ఉన్న చిక్కు ఇదే. మన సీమలో లండన్ మిషన్ వారు 1810లో బళ్లారిలో, 1822లో కడపలో పని మొదలుపెట్టారు. వారు నాటిన సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) కలిశాయి. అందులో గురువులకు జీతం డయోసిస్ (బిషప్ కింద ఉండే ప్రాంతం) నుంచి వస్తుంది, కొన్నేళ్లకు బదిలీ అవుతుంది, పైన బిషప్ ఉంటారు. ఊళ్లో తగాదా ముదిరితే గురువును మరో పాస్టరేట్‌కు (ఒక గురువు కింద ఉండే సంఘాల గుంపు) పంపుతారు గానీ నడివీధిలో వదలరు. కాపరి గారు ఏదైనా పెద్ద సంఘంలో కలవడం గురించి ఆలోచించవచ్చు.

పెన్నా_ఇసుక
బురుజు గారూ, డయోసిస్ కింద ఉంటే తగాదాలు ఉండవన్నట్టు రాశారు. ఆస్తుల కోసం, ఎన్నికల కోసం కోర్టుల దాకా పోయిన పాస్టరేట్లు మనకు తెలియనివా? మా తాత కేటకిస్టుగా (గురువు కింద ఉండే ఉపదేశకుడు) పనిచేశారు, బదిలీల బాధ మా ఇంట్లో అందరికీ తెలుసు. బదిలీతో గురువు బయటపడతాడు, తగాదా మాత్రం ఊళ్లోనే ఉంటుంది.

కొండారెడ్డి_బురుజు
ఆ మాట నిజమే. నేను చెప్పదలచినది కాపరిని అడిగే పై అధికారి ఒకరు ఉండాలని మాత్రమే.

సుంకేసుల_కాలువ
ఎవరూ అడగని మాట నేను అడుగుతాను, నొచ్చుకోవద్దు. మేడ మీదికి వెళ్లినవారూ మందిరంలో మిగిలినవారూ ఒకే పేటవారా, వేరు వేరు పేటలవారా? కర్నూలు, కడప జిల్లాల్లో నేను చూసిన సంఘ తగాదాలు సగం కమ్మీల దగ్గర మొదలైనట్టు కనబడతాయి గానీ, మాల పేట, మాదిగ పేట మధ్య ఎప్పటినుంచో ఉన్నదే అడుగున ఉంటుంది. మిషన్ల కాలం నుంచీ చాలా ఊళ్లలో పేటకొక మందిరం. ఒకే గిన్నెలో ముంచుకొనే బల్ల దగ్గర కూడా ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది నడుస్తూనే ఉంది.

సగిలేటి_కాపరి
వేరు వేరు పేటలవారే. మీరు అడిగారు గనుక దాచను. నేను ఒక పేటలో పుట్టినవాడిని, వెళ్లినవారు మరో పేటవారు. లెక్క అడిగితే నా పేట వారి పక్షాన అడిగానంటారన్న భయంతోనే ఊరుకున్నాను. మరో చిక్కు కూడా ఉంది. సర్వసభ్య సమావేశం పెట్టమని లెక్కల పెద్ద గారు అన్నారు. సభ్యుల పట్టీ తీస్తే అందులో ఉన్నవి పదిహేను పేర్లు. ఆదివారం కూర్చునేవారు అంతకు ఎన్నో రెట్లు. బాప్తిస్మం పొందినవారిలో చాలామంది పేరు రాయించుకోరు.

సుంకేసుల_కాలువ
ఎందుకు రాయించుకోరో ఇక్కడ చదివే యువకులకు తెలియాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులకు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషను ఉంది, అంతే. రిజిస్టరులో పేరు పడితే రేపు బిడ్డ సర్టిఫికెట్ పోతుందన్న భయంతో తల్లి తన విశ్వాసాన్నే కాగితం మీద లేకుండా చేసుకుంటున్నది. ఆ తల్లే కువైట్ నుంచి డబ్బు పంపుతుంది. లెక్క అడగవలసి వచ్చినప్పుడు పట్టీలో పేరు లేదు గనుక నోరు ఉండదు. కాపరి గారి దగ్గర ఆగిపోయిన పని వెనుక ఇదంతా ఉంది.

లెక్కల_పెద్ద_కర్నూలు
ఇది నేను ఆలోచించని కోణం, నిజంగా కష్టమైనది. ఒక మార్గం చెబుతాను. చట్టానికి కావలసిన సమావేశం పట్టీలో ఉన్న పదిహేను మందితో జరగనివ్వండి. లెక్క చదవడం మాత్రం ఆరాధన అయిన తరువాత, కూర్చున్న అందరి ముందూ జరగాలి. కానుక ఇచ్చినవారికి వినే హక్కు ఉండాలంటే పట్టీతో పని లేదు. చదివేది మీరు కాకూడదు, ఆ ఇద్దరు పెద్దలూ కాకూడదు. రెండు పేటలకూ గౌరవం ఉన్న మనిషి ఎవరైనా ఉన్నారా?

సగిలేటి_కాపరి
రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన ఉన్నారు. మా సంఘస్థుడు కాదు. రెండు పేటల పిల్లలకూ ఆయనే అక్షరాలు దిద్దించారు.

లెక్కల_పెద్ద_కర్నూలు
ఆయనే సరైనవారు.

కోసిగి_వలస
మాది కర్నూలు పడమటి వైపు. సంక్రాంతి దాటితే మా ఊరు సగం ఖాళీ అవుతుంది, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతాము. అక్కడ చేలల్లో గుడిసెలు వేసుకొని ఉంటాము, కాపరి ఉండడు, మైకు ఉండదు. రాత్రి వంటలయ్యాక ఎవరికి వచ్చినట్టు వారు ప్రార్థిస్తాము. చేతుల మంటకు కన్ను కూడా తుడుచుకోలేని రోజుల్లో, ప్రార్థన రానివారి తరఫున వచ్చినవారు చేస్తారు. తిరిగి వచ్చిన ఏడాది మా అయ్యగారు, "నా మీద చేతులుంచి మీరు ప్రార్థించండి" అని మమ్మల్ని అడిగారు. మొదట ఎవరూ ముందుకు రాలేదు. చదువురాని ఒక ముసలమ్మ లేచి ఆయన తల మీద చేయి పెట్టింది. ఆ రోజు ఎవరి విశ్వాసమూ పడిపోలేదు. మా అయ్యగారి మీద ప్రేమ ఎక్కువైంది. కాబట్టి చెప్పండి.

మరియాపురం_టీచర్
కోసిగి గారి అనుభవం విలువైనదే, అయినా నాకు కొంత సంకోచం ఉంది. తగాదా రగులుతున్న సమయంలో అందరి ముందు చెబితే, "విశ్వాసం లేనివాడు మాకు కాపరా" అని అనడానికి అవతలి వారికి అవకాశం దొరుకుతుంది. లెక్క ఒక కొలిక్కి వచ్చేవరకు ఒకరిద్దరికే చెప్పడం క్షేమం.

పాత_హార్మోనియం
టీచర్ గారి జాగ్రత్త సరైనదే గానీ, దానిని అలాగే నియమం చేసుకోవద్దు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు, ఆసియలో తమకు బ్రతుకు మీదనే ఆశ పోయిందని నేరుగా రాశాడు. కొరింథు సంఘంలో చీలికలు లేవా? ఆయన అధికారాన్ని ప్రశ్నించినవారు లేరా? అన్నీ ఉన్నాయి, అయినా వారికే రాశాడు. ఆ వెంటనే వారి ప్రార్థన సహాయాన్ని కూడా కోరాడు. ఎప్పుడు చెప్పాలో కాపరి గారు చూసుకోవచ్చు. చెప్పకూడదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

గుత్తి_వాసి
హార్మోనియం గారు ఎత్తి చూపిన భాగం మళ్లీ చదివాను. పుల్పిట్ దిగమన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. విశ్రాంతి గురించి అన్నది మాత్రం అలాగే ఉంచుతున్నాను. నెలకు ఒక ఆదివారం వాక్యం చెప్పడానికి నేను వస్తాను, చార్జీలు కూడా అక్కర లేదు. ఆ రోజు మీరు సంఘంలో కూర్చొని వినండి.

సగిలేటి_కాపరి
నిన్న రాత్రి ఇంట్లో చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. తనకు ముందే తెలుసనీ, నేను చెప్పేవరకు ఆగిందనీ అన్నది.

హెడ్‌మాస్టరు గారిని కలిశాను. లెక్క చదవడానికి ఒప్పుకున్నారు, మేడ మీద కూడికకు తానే వెళ్లి పిలుస్తానన్నారు. వారు వస్తారో రారో తెలియదు. ఆ అక్కకు పిల్లరు ఫోటో పంపాను, తుప్పు చారలతో సహా, పని ఎందుకు ఆగిందో కూడా చెప్పాను. చాలాసేపు జవాబు రాలేదు. తరువాత ఫోన్ చేసి ఏడ్చింది, నన్ను తిట్టింది కూడా. చివరికి, లెక్క చదివే రోజు ఫోన్ ఆన్ చేసి పెట్టమని అడిగింది. పెడతాను.

నా ప్రార్థన సంగతి ఎలా ఉన్నదో అలాగే ఉంది. గుత్తి_వాసి గారూ, రెండో ఆదివారం రండి. సంఘానికి చెప్పే విషయం లెక్క అయిన తరువాతే. ఆలోగా ప్రార్థించడానికి ఇద్దరిని అడిగాను, ఒక్కో పేట నుంచి ఒకరిని.

లెక్కల_పెద్ద_కర్నూలు
సిమెంటు బిల్లులూ కమ్మీల బిల్లులూ తేదీల వారీగా వేరు చేసి, మేస్త్రీకి ఇచ్చిన కూలి విడిగా రాయించండి. బిల్లు లేని ఖర్చుకు, లేదని పక్కన రాయండి, దిద్దుబాట్లు చేయవద్దు. వచ్చిన డబ్బు పట్టికలో పంపినవారి పేరు చదవడం ఇష్టం లేకపోతే మొత్తం మాత్రం చదవవచ్చు.

పాస్టరమ్మ_ప్రొద్దుటూరు
మంగళవారం మా వారికి పోరుమామిళ్లలో పని ఉంది. తిరిగి వచ్చేటప్పుడు మీ ఊళ్లో దిగుతారు, నేనూ వస్తాను. అమ్మగారితో చెప్పండి, వంట ప్రత్యేకంగా ఏమీ వద్దు, ఉన్నదే తింటాము. బస్టాండు నుంచి మీ ఇల్లు ఎటువైపో ఫోన్ నంబరుతో పాటు నాకు మెసేజ్‌లో విడిగా పంపండి, ఇక్కడ రాయవద్దు.